ఇంట్లో గర్జన, బ్యాండ్‌లో పిల్లికూత

ఈ వారం ఉత్తరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 27 ఏళ్ల పాఠకుడిది. పేరు వద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది, సారాంశం ఇదీ.

ఆఫీసులో నలుగురు కలిసి బ్యాండ్ కట్టారు. డ్రమ్స్, బేస్, కీబోర్డ్, గిటార్. గిటార్ ఈయనది. ఐదు వారాల్లో కంపెనీ వార్షికోత్సవం. మొదటి పాటగా ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్ల ‘స్మోక్ ఆన్ ది వాటర్’ ఎంచుకున్నారు. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చేవి, ఒక్కోదానిలో ఒకే తీగచుట్ట), 14,000 పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తీగలు మార్చి ఎనిమిది నెలలైంది. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ డబ్బా) 20 వాట్లది, 8 అంగుళాల స్పీకర్. రాత్రి తొమ్మిది దాటాక అద్దె గదిలో, పక్కవాళ్లకి వినపడనంత చిన్నగా ప్రాక్టీసు. అక్కడ రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస) ‘సింహంలా’ ఉంటుందట. ఆంప్ నాబ్‌లు ఇలా: గెయిన్ (గరగర పెంచేది) 10, బేస్ 9, మిడిల్ 1, ట్రెబుల్ 9, రివర్బ్ సగం. ఆరో తీగ, ఐదో తీగ మీద పవర్ కార్డులుగా (రెండు స్వరాలు కలిపి మోగించే పద్ధతి), మందపాటి పిక్‌తో వాయిస్తున్నారు.

అదే సెట్టింగ్‌తో రిహార్సల్ రూమ్‌కి వెళ్తే, డ్రమ్స్ మొదలవగానే గిటార్ మాయం. వాల్యూమ్ పెంచితే జుయ్‌మనే రొద, ఆ పైన కీచుమనే కూత. ఆంప్ గది మూలన నేల మీద పెడుతున్నారు. కీబోర్డ్ వాయించే అమ్మాయి తన దగ్గరున్న మల్టీ ఎఫెక్ట్స్ (గిటార్‌కి రకరకాల శబ్దాలిచ్చే పెట్టె) తెచ్చి ఇస్తే, దాన్ని ఆంప్‌కి తగిలించి చూశారు. దుప్పటి కప్పినట్టు మూగగా వచ్చింది.

డ్రమ్స్ వాయించేది ఆఫీసులో ఈయనకి సీనియర్. ‘సింగిల్ కాయిల్ గిటార్‌తో రాక్ అవ్వదు. హంబకర్ ఉన్నది కొనుక్కో, లేదంటే వేరే వాళ్లని చూద్దాం’ అని అందరి ముందూ అనేశారు. హంబకర్ అంటే రెండు చుట్టల పికప్, రొద తక్కువ. 45,000 గిటార్ ఒకటి ఈఎంఐ మీద చూసి కూడా పెట్టారట. ఇంట్లో చెల్లెలి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. ‘లోపం నా చేతిదా, గిటార్‌దా, ఆంప్‌దా? కొనమంటారా, తప్పుకోమంటారా?’ అన్నది ప్రశ్న. ఆఖరున ఒక వాక్యం: ‘గదిలో రెండు రంధ్రాల సాకెట్ కావడంతో అడాప్టర్ పెట్టాను, తీగలు ముట్టుకుంటే ఒక్కోసారి వేళ్లు జివ్వుమంటాయి, అది మామూలేనా?’

మామూలు కాదు. కాబట్టి మీ ఆఖరి వాక్యంతోనే మొదలుపెడుతున్నాను. గిటార్ తీగలు బ్రిడ్జ్ (తీగలు ఆనే లోహపు ముక్క) ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ లోపలి లోహపు చాసిస్‌కి కలిసి ఉంటాయి. ఆ చాసిస్ మూడో పిన్ను ద్వారా భూమికి కలవాలి. మీ అడాప్టర్ ఆ దారిని తెంచేసింది. చాసిస్‌లోకి వచ్చే వోల్టేజీకి ఇప్పుడు మీ ఒళ్లే దారి. గదిలో జివ్వుమని ఊరుకున్నది, స్టేజి మీద ఎర్త్ అయిన మైకుకి పెదవి తగిలిన క్షణంలో ప్రాణం మీదికి రావచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూడు పిన్నుల సాకెట్ పెట్టించండి. సాకెట్ కొత్తదైనంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. మీటరు పెట్టి చూపించమనండి: ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య 230 వోల్టుల దరిదాపులో రావాలి, న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. మంచి సాకెట్‌లో పెట్టాక కూడా జివ్వుమంటే లోపం ఆంప్‌లోనే ఉంది, రిపేరుకి ఇవ్వండి. అంతదాకా దాన్ని ఆన్ చేయకండి. రొద పోవడానికి ఎర్త్ పిన్ను తీసేయమని చెప్పేవాళ్లు తగులుతారు, ఆ మాట మాత్రం ఎవరు చెప్పినా వినకండి.

ఇక రిఫ్ సంగతి. చేతిదా, గిటార్‌దా, ఆంప్‌దా అని అడిగారు. మీరు రాసిన నాబ్‌ల అంకెలు చూస్తే ఈ మూడింటికంటే ముందు కనిపించేది వేరే ఉంది. ఒంటరిగా, చిన్న శబ్దంలో, మీ చెవికి ఇంపుగా కుదుర్చుకున్న సెట్టింగ్‌ని యథాతథంగా మోసుకెళ్లి ముగ్గురి మధ్యలో పెట్టారు.

మనిషి చెవి చిన్న శబ్దంలో అట్టడుగు స్వరాలనీ, బాగా పై స్వరాలనీ తక్కువగా వింటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రి పూట మీరు బేస్ 9కి, ట్రెబుల్ 9కి తిప్పింది మీకు తెలియకుండానే ఆ వెలితి పూడ్చుకోవడానికి. రిహార్సల్ రూమ్‌లో శబ్దం పెద్దది కాబట్టి ఆ వెలితి ఉండదు. మీరు అదనంగా పోసిన బేస్, ట్రెబుల్ మాత్రం అలాగే మిగిలిపోతాయి.

పోతే, ఆ గదిలో ఎవరెవరు ఎక్కడ ఉన్నారో చూడండి. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి 41 కంపనాలు) దగ్గర పలుకుతుంది. కిక్ డ్రమ్ దాని చుట్టుపక్కలే. కీబోర్డ్ ఎడమ చెయ్యి అక్కడే. మీ ఆరో తీగ 82 దగ్గర మొదలవుతుంది, దానికి బేస్ 9 తోడు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరన్నట్టు తయారైంది అడుగున. పైన సింబల్స్ ఉన్నాయి, గెయిన్ 10లోంచి వచ్చే బుసబుస అందులో కలిసిపోతుంది. గిటార్‌ని గిటార్‌లా వినిపించేది సుమారు 400 నుంచి 2,500 హెర్ట్జ్ దాకా ఉన్న నడిమి భాగం. అక్కడ మీకు పోటీ తక్కువ. ఆ నాబ్‌ని మీరు 1లో పెట్టారు. మీ సీనియర్‌కి గిటార్ వినపడలేదంటే ఆయన చెవి తప్పేం కాదు.

గెయిన్ గురించి ఒక మాట. డిస్టార్షన్ అంటే శబ్ద తరంగం శిఖరాలని కోసేయడం. ఎంత కోస్తే మెల్లగా మీటినదీ గట్టిగా మీటినదీ అంత ఒకటైపోతాయి. వేలు తీగని వదిలిన ఆ మొదటి ‘టక్’ అరిగిపోతుంది. డ్రమ్స్ పక్కన గిటార్‌ని పట్టిచ్చేది ఆ టక్కే. ఒక్కరే ఉన్నప్పుడు గెయిన్ 10 గది నింపుతుంది, నలుగురిలో అది ఆగని వానశబ్దం అయిపోతుంది. పైగా గెయిన్ పెరిగినకొద్దీ పికప్ పట్టే రొద కూడా అంతే పెరుగుతుంది. మీ జుయ్, మీ కీచు రెండూ చాలావరకు అక్కడివే.

అసలు రికార్డులో ఉన్నదేమిటో చూద్దాం, ఎందుకంటే మీ సీనియర్ వాదన దాని ముందు నిలవదు. ఈ పాట 1972లో వచ్చిన ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్‌లోది. ఆ బ్యాండ్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఆ రిఫ్ వాయించింది స్ట్రాటోకాస్టర్ మీద. అంటే సింగిల్ కాయిల్ మీదే. మరి ఆ బరువు ఎక్కడిది? మొదట గిటార్ ఒక్కటే వస్తుంది, తర్వాత ఒక్కొక్కరే కలుస్తారు. ఆ కలిసేవాళ్లలో కీబోర్డ్ వాయించే జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్ ఉంది. దాన్ని ఆయన గిటార్ ఆంప్ గుండా పంపి గరగరలాడించేవాడు. మీరు గుర్తుపెట్టుకున్న ఆ ‘పెద్ద గిటార్’ శబ్దంలో సగం ఆర్గన్, బేస్‌లది. మీరు ముగ్గురి పని ఒక్క గెయిన్ నాబ్‌తో చేయబోయారు.

రెండో తేడా వేళ్లలో ఉంది. ఈ రిఫ్ పవర్ కార్డులది కాదు. పవర్ కార్డులో కింద మూలస్వరం, పైన దాని పంచమం. ఇక్కడ తిరగేసి ఉంటుంది: మూలస్వరం పైన, దానికి నాలుగో స్వరం దూరంలో కింద ఇంకొకటి. నాలుగో తీగ, మూడో తీగ కలిపి ఇలా (అంకెలు మెట్లవి, అంటే ఫ్రెట్లవి; ఓపెన్ అంటే ఏమీ నొక్కకుండా): ఓపెన్, 3, 5. ఓపెన్, 3, 6, 5. ఓపెన్, 3, 5, 3, ఓపెన్. ఒక్కో మెట్టు మీద రెండు తీగల్నీ ఒకే వేలితో అడ్డంగా నొక్కుతారు. బ్లాక్‌మోర్ దీన్ని పిక్‌తో కాకుండా వేళ్లతో, రెండు తీగల్నీ ఒకేసారి పట్టి లాగి వాయిస్తాడు. పిక్‌తో కొడితే ఒక తీగ ముందు, ఒక తీగ వెనక మోగుతాయి. కంటికి కనపడని తేడానే, కానీ డిస్టార్షన్ దాన్ని పెద్దది చేసి ‘బ్రాంగ్’ అనిపిస్తుంది. వేళ్లతో లాగితే ‘డడ్’ అని ఒక్క దెబ్బలా పడుతుంది.

మీరు ఆరో తీగ 3వ మెట్టు మీద మొదలుపెడితే కింది స్వరం 98 హెర్ట్జ్. నాలుగు, మూడు తీగలు ఓపెన్‌గా లాగితే 147, 196. అంటే చెయ్యి మార్చడంతోనే బేస్ గిటార్ వాకిట్లోంచి బయటికి వచ్చేస్తారు, నాబ్ తిప్పక్కర్లేదు. ఇందులో ఇంకో తమాషా ఉంది. రెండు స్వరాలు కలిసి డిస్టార్షన్ గుండా వెళ్తే వాటి తేడా కూడా ఒక స్వరమై పుడుతుంది. 196లోంచి 147 తీసేస్తే 49. 196 లాగే అది కూడా జీ స్వరమే, బేస్ గిటార్ లావు తీగ 3వ మెట్టు మీద పలికేది. రెండు సన్నపాటి స్వరాల కింద మీ చేతిలో లేని మూడోది నీడలా పుడుతుందన్నమాట. చిన్న స్పీకర్ ఆ లోతు పలకలేదు కానీ, పుట్టేవన్నీ ఆ వరసలోవే కాబట్టి వినడానికి బలంగా ఉంటుంది. అయితే శ్రుతి తప్పితే ఇదంతా తలకిందులవుతుంది. గిటార్ మెట్ల మీద నాలుగో స్వరం దూరం స్వచ్ఛమైన దూరానికి 2 సెంట్ల తేడాలోనే ఉంటుంది (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు). అదే నిండు కార్డుల్లో ఉండే మేజర్ థర్డ్ అనే దూరం అయితే 14 సెంట్లు పక్కకి ఉంటుంది, అందుకే ఆ కార్డులు డిస్టార్షన్‌లో గొడవ పెడతాయి. ఈ రిఫ్ అంత శుభ్రంగా ఉండడానికి కారణం అదే. మీరు మెట్టు దగ్గర గట్టిగా అదిమి స్వరాన్ని పైకి జరిపేస్తే ఆ శుభ్రం మీరే చెరిపినట్టు. మెట్టు కడ్డీకి ఆనుకుని, మోగడానికి ఎంత కావాలో అంతే నొక్కండి.

ఓపెన్ తీగలు ఆపడం కష్టంగా ఉంటే ఐదో తీగ, నాలుగో తీగ మీద 5, 8, 10 తో వాయించవచ్చు, 6 వచ్చే చోట 11. స్వరాలు అవే. శబ్దం కొంచెం లావుగా, గుండ్రంగా ఉంటుంది, స్వరం ఆపడం తేలిక. నష్టం ఏమిటంటే ఆ ఓపెన్ తీగల ఖంగు పోతుంది. రెండూ వాయించి చూసి, డ్రమ్స్‌తో ఏది బాగుంటే అది ఉంచుకోండి.

ఇప్పుడు నాబ్‌లు. రిహార్సల్ రూమ్‌లో, డ్రమ్స్ వాయిస్తుండగా మాత్రమే చేయాల్సిన పని ఇది. ఇంట్లో చేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

రివర్బ్ సున్నా. గిటార్ బ్రిడ్జ్ పికప్ మీద, గిటార్ వాల్యూమ్ 8. ఆంప్‌లో బేస్ 4, మిడిల్ 7, ట్రెబుల్ 5, గెయిన్ 2 దగ్గర మొదలుపెట్టండి. రిఫ్ వాయిస్తూ గెయిన్‌ని కొద్దికొద్దిగా పెంచండి. మెల్లగా లాగితే దాదాపు క్లీన్‌గా, గట్టిగా లాగితే గరగరమనే చోటు ఒకటి తగులుతుంది. చాలా ఆంప్‌లలో అది 4, 5 మధ్య ఉంటుంది. అక్కడ ఆగండి. ‘ఇంకొంచెం ఉంటే బాగుండు’ అనిపిస్తుంది. ఆ అనిపించడం దగ్గరే ఉండాలి. మీ ఆంప్‌లో ‘మెటల్’ లాంటి మోడ్ ఉంటే దాని జోలికి పోకండి, అందులో నడిమి భాగం ముందే తీసేసి ఉంటుంది.

తర్వాత మాస్టర్ వాల్యూమ్ పెంచి, గిటార్ డ్రమ్స్ మీంచి వినిపించేదాకా తెండి. వినిపించకపోతే ముందు తిప్పాల్సింది మిడిల్, 8 దాకా వెళ్లొచ్చు. ముక్కుతో పాడినట్టు ఉంటే 6కి దించండి. ఒంటరిగా వింటే ఈ శబ్దం మీకు నచ్చదని ఇప్పుడే చెబుతున్నాను. కొంచెం రేకు డబ్బాలా, కొంచెం బక్కగా ఉంటుంది. బేస్ గిటార్ కలిశాక ఆ ఒళ్లు అక్కడినుంచి వస్తుంది. ఆఖరున బేస్ నాబ్: కిక్ డ్రమ్ ‘ధన్’ అని విడిగా వినిపించేదాకా తగ్గిస్తూ పోండి. 3 దాకా రావచ్చు. ఒక నాబ్ తిప్పితే పక్క నాబ్ అర్థం మారిపోతుంది, చాలా ఆంప్‌లలో మూడూ ఒకే సర్క్యూట్‌లో ఒకదాన్నొకటి లాగుతుంటాయి, అందుకని ఒక చుట్టు అయ్యాక ఇంకో చుట్టు తిరిగి రండి. అన్నీ 5లో పెడితే ‘సమం’ అన్న నమ్మకం కూడా తప్పే. ఆ రకం సర్క్యూట్‌లలో అన్నీ సగంలో ఉన్నా నడుమ గుంట ఉంటుంది.

ఆంప్‌ని మూలలోంచి లాగి, కుర్చీ మీద పెట్టండి. మూల, నేల రెండూ బేస్‌ని ఊరికే పెంచేస్తాయి. స్పీకర్ పై స్వరాలని టార్చిలైటులా నేరుగా వదులుతుంది. నేల మీద ఉంటే ఆ వెలుగు మీ పిక్కల మీద పడుతుంది. మీకు వినపడదు, ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. చెవి ఎత్తుకి పెట్టిన మరునిమిషం మీరే ట్రెబుల్ తగ్గిస్తారు.

వాట్ల మీద ఆశ పెట్టుకోకండి. 20 వాట్లని 40 చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి ‘రెండింతలు’ అనిపించాలంటే 10 డెసిబెల్స్, అంటే 200 వాట్లు కావాలి. వార్షికోత్సవంలో ఎలాగూ సౌండ్ వాళ్లు ఉంటారు. మీ ఆంప్ ముందు ఒక మైకు పెడితే 20 వాట్లు చాలు. మైకుని స్పీకర్ నట్టనడుమకి గురిపెడితే గీరుతుంది, నడిమి గిన్నె అంచు దగ్గర, జాలీకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టమనండి.

గిటార్ వైపు చేయాల్సినవి కొన్నే. తీగలు మార్చండి, ఎనిమిది నెలల తీగకి శ్రుతీ నిలవదు, టక్కూ ఉండదు. 9–42 సెట్ (తీగల లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంటే 10–46కి మారొచ్చు, ఒంటి వేలితో అడ్డంగా నొక్కినప్పుడు స్వరం తక్కువ జారుతుంది. కానీ లావు మారితే మెడ, ట్రెమోలో స్ప్రింగులు మళ్లీ సర్దాలి. కార్యక్రమం రెండు వారాల్లోకి వచ్చాక ఆ పని పెట్టుకోవద్దు. పికప్ ఎత్తు కూడా చూడండి. ఆఖరి మెట్టు మీద తీగ నొక్కి పట్టి కొలిస్తే, లావు తీగ వైపు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.6 దగ్గర ఉంటే సరి. ‘శబ్దం పెరుగుతుంది’ అని మరీ దగ్గరికి లేపితే సింగిల్ కాయిల్ అయస్కాంతాలు తీగని లాగేసి స్వరం ఊగుతుంది, శ్రుతి కుదిరినట్టే ఉండి కుదరదు.

ఇంకొకటి, స్ట్రాట్ వాడేవాళ్లలో చాలామందికి తెలియనిది. పాత పద్ధతి వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కి టోన్ నాబ్ ఉండదు. బ్రిడ్జ్ మీద పెట్టి రెండు టోన్ నాబ్‌లూ తిప్పి చూడండి. ఏమీ మారకపోతే మీదీ అదే. సెలెక్టర్ స్విచ్ దగ్గర ఒక చిన్న వైరు ముక్క సోల్డర్ చేసి రెండో టోన్‌ని బ్రిడ్జ్‌కి కూడా కలపొచ్చు, రిపేరు షాపులో అరగంట పని. ఆ టోన్‌ని 6, 7 దగ్గర ఉంచితే సూదిలా గుచ్చే అంచు మొద్దుబారి, హంబకర్‌కి కాస్త దగ్గరగా వస్తుంది. మీ సీనియర్‌కి నచ్చనిది బహుశా ఆ సూదే.

రొద పూర్తిగా పోదు, సింగిల్ కాయిల్ గుణం అది. ఎర్త్ సరిచేశాక, గెయిన్ తగ్గించాక మిగిలినదానికి ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి, ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎడంగా కూర్చోండి, కూర్చున్న దిక్కు మార్చి చూడండి. తొంభై డిగ్రీలు తిరిగితే సగం పోయే చోటు దొరుకుతుంది. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ నడిమి స్పీడులో ఉంటే జోరీగలా పట్టుకుంటుంది, పూర్తి స్పీడులో పెట్టండి లేదా ఆపేయండి. రిఫ్ మధ్య ఖాళీల్లో కుడి అరచేతి అంచుతో తీగలు ఆపడం అలవాటు చేసుకోండి.

కీబోర్డ్ అమ్మాయితో ఒకసారి కూర్చోండి. ఆర్గన్ శబ్దం ఎంచుకుని, దానికి కొంచెం డిస్టార్షన్ ఇచ్చి, కుడి చేత్తో మీ రిఫ్‌నే మీతో పాటు వాయించమనండి. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంచాలి. రికార్డులో ఉన్నదే అది కాబట్టి ఎవరూ కాదనలేరు. నాబ్‌లన్నీ తిప్పినా రాని బరువు దీంతో వస్తుంది. ఒక ఇబ్బంది: ఇద్దరూ ఒకే రిఫ్ వాయిస్తే ఎవరు ఆలస్యమైనా దొరికిపోతారు. మెట్రోనోమ్ 80 దగ్గర మొదలుపెట్టి ఇద్దరూ కలిసి పెంచుకుంటూ రండి.

ఇక డబ్బు. ఏమీ కొనకుండా పైవన్నీ చేస్తే తీగలు, సాకెట్, కాస్త సోల్డరింగ్ ఖర్చుతో బయటపడతారు. దీనికి పెట్టాల్సింది రెండు మూడు రిహార్సల్స్ ఓపిక. ఓవర్‌డ్రైవ్ పెడల్ (కాలితో నొక్కే, గరగర ఇచ్చే చిన్న డబ్బా) ఇంకో దారి. ట్యూబ్ స్క్రీమర్ తరహావి అడుగుని కోసి నడిమి భాగాన్ని లేపుతాయి, మీకు కావలసింది అదే. ఆంప్‌ని క్లీన్ ఛానల్‌లో పెట్టి, పెడల్ డ్రైవ్ 4 లేదా 5, లెవెల్ 6 చుట్టూ వాడండి. గెయిన్ ఛానల్ ముందు పెడితే డ్రైవ్‌ని 1కి దించి లెవెల్ పెంచాలి, లేకపోతే ఉన్న బుసకి ఇంకో బుస తోడవుతుంది. పాత అలవాటుతో అన్ని నాబ్‌లూ 10కి తిప్పితే పెడల్ డబ్బు కూడా వృథా.

ఆ మల్టీ ఎఫెక్ట్స్‌ని పక్కన పడేయకండి. మూగగా రావడానికి కారణం దాదాపు ఖాయంగా అందులోని క్యాబినెట్ సిమ్యులేషన్. అది స్పీకర్ డబ్బా శబ్దాన్ని అనుకరిస్తుంది. మీరు దాన్ని నిజం డబ్బాలోకి పంపారు, డబ్బాలో డబ్బా. ఆంప్‌కి తగిలిస్తే క్యాబ్ ఆఫ్ చేయాలి, ఆంప్ క్లీన్‌లో ఉండాలి. హెడ్‌ఫోన్‌కి, స్టేజి సౌండ్ వాళ్ల మిక్సర్‌కి నేరుగా ఇస్తే ఆన్ చేయాలి. నేరుగా మిక్సర్‌కి ఇచ్చే దారిలో ఆంప్ మోసే పనీ, మైకు పెట్టే పనీ ఉండవు, రాత్రి హెడ్‌ఫోన్‌తో ప్రాక్టీసూ చేసుకోవచ్చు. కానీ స్టేజి మీద మీ ముందు మానిటర్ స్పీకర్ లేకపోతే మీ గిటార్ మీకే వినపడదు. ఆ సంగతి సౌండ్ వాళ్లని ముందే అడగాలి.

హంబకర్ కావాలని నిజంగా అనిపిస్తే, సింగిల్ కాయిల్ కొలతలోనే దొరికే హంబకర్‌ని బ్రిడ్జ్ చోట పెట్టించుకోవచ్చు. రొద చాలావరకు పోతుంది, శబ్దం లావవుతుంది, మిగిలిన రెండు పికప్‌లూ అలాగే ఉంటాయి. స్ట్రాట్‌లో ఉండే 250 కిలో ఓమ్స్ వాల్యూమ్ పాట్‌తో (నాబ్ కింద ఉండే భాగం) అది కాస్త మసకగా పలుకుతుంది, మీ గుచ్చే ట్రెబుల్‌కి అది లాభమే.

45,000 గిటార్ తప్పని నేను అనను. మీకు అది నచ్చి, అప్పు తీరాక కొనుక్కుంటే మంచి సంగతే. ఇప్పుడు, ఈ కారణంతో కొంటే మాత్రం జరిగేది ఇదీ: హంబకర్ అవుట్‌పుట్ ఎక్కువ, నడిమి భాగం కొంత ఎక్కువే, కానీ గెయిన్ 10, మిడిల్ 1 దగ్గర అది మీ పాత గిటార్ కంటే ఇంకా ముద్దగా ఉంటుంది. పైగా చాలా హంబకర్ గిటార్లలో తీగ పొడవు 628 మిల్లీమీటర్లు, స్ట్రాట్‌లో 648. మెట్ల మధ్య ఎడం మారుతుంది, చేతికి అలవాటు కావాలి, మీకున్నది ఐదు వారాలు.

తప్పుకోవడం గురించి. ఇప్పుడే తప్పుకుంటే సీనియర్ మాట నిజమని మీరే సంతకం పెట్టినట్టు అవుతుంది, రేపటినుంచి ఆఫీసులో రోజూ ఆయన ఎదురుపడతారు. అలాగని అందరి ముందు వాదనకి దిగితే గెలిచినా బ్యాండ్ చెడుతుంది. వాదన బదులు ఫోన్ వాడండి. వచ్చే రిహార్సల్‌లో ప్రేక్షకులు కూర్చునే చోట, డ్రమ్స్‌కి నాలుగు మీటర్ల దూరంలో ఫోన్ పెట్టి రెండుసార్లు రికార్డ్ చేయండి, పాత సెట్టింగ్‌తో ఒకటి, కొత్తదానితో ఒకటి. ఏది ఏదో చెప్పకుండా నలుగురికీ పంపండి. మూడో వారానికీ తేడా రాలేదంటే, రిఫ్‌ని ఆర్గన్ ముందుండి నడిపి మీరు వెనక కలిసే పద్ధతికి మారొచ్చు, పాట ఆగదు.

సీనియర్ అప్పటికీ హంబకర్ మాటే అంటుంటే, తెలిసినవాళ్ల దగ్గర హంబకర్ గిటార్ ఒకటి ఒక్క రోజుకి అడిగి తెచ్చి, అదే ఆంప్, అవే నాబ్‌లతో మూడో రికార్డింగ్ చేయండి. ఫోన్ మాత్రం అదే చోట ఉండాలి.